నలభై రోజులూ ఒకే అంకె

పద్దెనిమిది, అరవై అయిదు. ఏడేళ్ళుగా ఈ రెండు అంకెల్నీ మోస్తున్నాను. బస్సు మీద పద్దెనిమిది కనిపిస్తే చూపు తిప్పుకుంటాను. పాప లెక్కల పుస్తకంలో అరవై అయిదు వస్తే ఏదో పని ఉన్నట్టు లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. మీకిది వింతగా అనిపించవచ్చు. నేను ఎవరి ప్రాణం మీదకూ తేలేదు, ఎవరి సొమ్మూ తీసుకోలేదు. ఒక పుస్తకంలో రెండు అంకెలు రాశాను, అంతే. నలభై రోజులు, రోజుకొకసారి, నీలం పెన్నుతో, శ్రద్ధగా. వాటిలో మొదటి రోజుదీ చివరి రోజుదీ తప్ప అన్నీ అబద్ధం.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకనే చెప్పగలుగుతున్నాను. ఇంట్లో అందరూ నిద్రపోయారు. మా ఆయనకు ఈ సంగతి తెలియదు. మా అమ్మకు తెలియదు. మావయ్యగారికి తెలుసో తెలియదో, అదే నాకు తెలియదు. ఏడేళ్ళుగా నన్ను తినేస్తున్నది ఆ చివరి మాటే.

మొదటినుంచి చెప్తాను. అడ్డదిడ్డంగా ఉంటే ఓపిక పట్టండి.

మావయ్యగారు పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు చేసేవారు. ఆకును రెండు వేళ్ళ మధ్య పెట్టి, కళ్ళు మూసుకుని, ఎంత తేమ ఉందో చెప్పేవారట. రిటైరైన రోజున ఎవరో విదేశీ కొనుగోలుదారులు ఆయనకు ఒక పెట్టె సిగార్లు ఇచ్చి వెళ్ళారు. అప్పటిదాకా ఆకును అమ్మకానికి చూసిన మనిషి అప్పుడు మొదటిసారి తన కోసం చూసుకున్నారు. అక్కడినుంచి పట్టుకుంది. మా అత్తగారు పోయాక ఇంకా ఎక్కువైంది. దుబాయినుంచో, సింగపూరునుంచో ఎవరు వస్తున్నా ఆయన అడిగేది ఒక్కటే.

చుట్ట అంటే తాగేదని అందరూ అనుకుంటారు. ఆయన దృష్టిలో అది దాచేది. వారానికి ఒక్కటి, ఆదివారం సాయంత్రం, మేడ మీద. మిగతావన్నీ ఎదురుచూసేవే. ఒక్కోదాని కింద చిన్న కాగితం ముక్క, దాని మీద ఏ నెలలో వచ్చిందో, ఎన్నాళ్ళు ఆగాలో. "కొత్త బియ్యం వండితే ముద్దవుద్ది గదమ్మా, ఇదీ అంతే. రెండేళ్ళు ఆగితే ఘాటు పోయి మెత్తబడుద్ది" అనేవారు. పెళ్ళయిన కొత్తలో నాకు అన్నీ చూపించారు. ఒకటి నా చేతిలో పెట్టి, వాసన చూడమన్నారు. వెలిగించని సిగార్ వాసన మీకు తెలుసో లేదో. ఎండుద్రాక్షలాగా, కొత్త బీరువాలాగా, ఎక్కడో కొంచెం మిరియంలాగా ఉంటుంది. నేను అదే చెప్పాను. "నీది మంచి ముక్కమ్మా! మా వాడికి ఈ వాసనంటేనే తలనొప్పి" అని ఎంత సంబరపడ్డారో. ఆ మాటకు నేను కూడా పొంగిపోయాను. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆయన వస్తువు విలువ తెలియక పాడుచేశానని మీరు అనుకోకూడదు. నాకు తెలుసు.

బెజవాడ ఎండల్లో సిగార్లను దాచడం తేలిక కాదు. ఆకు లోపల కంటికి కనపడని పురుగు గుడ్లు ఉండవచ్చు. వేడి తగిలితే అవి లేస్తాయి. లేచి, తినుకుంటూ బయటికి వచ్చి, సూదితో పొడిచినట్టు చిల్లులు పెడతాయి. ఒకదానిలోంచి ఇంకోదానిలోకి పోతాయి. అందుకని ఆయన రెండు జాగ్రత్తలు పెట్టుకున్నారు. కొత్తగా ఏది వచ్చినా ముందు గట్టి కవరులో కట్టి మూడు రోజులు ఫ్రీజర్లో ఉంచాలి. గుడ్లు ఉంటే చస్తాయి. ఆ తర్వాతే పెట్టెలోకి. ఆ పెట్టె ఉండేది ఆయన గదిలో, సీసాలు చల్లబెట్టుకునే అద్దాల తలుపు చిన్న ఫ్రిజ్జులో. అది పద్దెనిమిది డిగ్రీల దగ్గరే ఉంచుతుంది. ఒకవేళ ఎక్కడో గుడ్డు చావకుండా మిగిలినా ఆ చల్లదనంలో లేవదు. పెట్టెలో తేమ అరవై అయిదు శాతం దగ్గర ఉండేలా చిన్న పొట్లాలు, కొలవడానికి గుండ్రటి మీటరు. రోజూ రెండు అంకెలూ చూసి పొడుగాటి రూళ్ళ పుస్తకంలో రాసుకునేవారు.

ఆ పెట్టె చేసింది మస్తాన్ గారు. వన్ టౌన్‌లో వడ్రంగం కొట్టు. సీడర్ చెక్కతో, ఒక్క మేకు కూడా కొట్టకుండా, చెక్కలోకి చెక్క దూర్చి చేశారు. మావయ్యగారికి ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు. ఆదివారం మేడ మీద రెండో కుర్చీ ఆయనదే. బట్టలు తీయడానికి నేను పైకి వెళ్ళినప్పుడు వినిపించేది.

"ఏంట్రా మస్తానూ ఆ లాగడం? బీడీ అనుకున్నావా?"

"నీలాగా తాగితే ఇది ఆరేలోపు నాకు మనవడు పుట్టేటట్టున్నాడన్నా."

"పుట్టనీ. వాడి పెళ్ళికి తాగేది కూడా పెట్టెలో ఉంది."

"పెట్టె నాది, చుట్ట నీది. సగం సగం రాయించు మరి వీలునామా!"

ఇద్దరూ నవ్వేవారు. నేనూ మెట్ల మీద నవ్వుకునేదాన్ని. పాప పుట్టేదాకా.

పాపకు ఏడో నెలలో మొదలైంది. ముందు జలుబు, తర్వాత పిల్లికూతలు. ఛాతీ లోపల ఎవరో సన్నటి ఈల ఊదుతున్నట్టు. నెలకు రెండుసార్లు, మూడుసార్లు. ఆ ఈల విన్న తల్లికి ఇంకేమీ వినపడదు. డాక్టరుగారు అడిగారు, ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని. మా మావయ్యగారు అన్నాను. పొగ పిల్లకు పనికిరాదన్నారు. అంతే. నాకు దొంగ దొరికాడు.

అదే రోజు మావయ్యగారికి చెప్పాను. అప్పటినుంచి ఆయన ఆదివారం మేడ మీదినుంచి దిగగానే స్నానం చేసి, చొక్కా మార్చుకుని గానీ పాపను ముట్టుకునేవారు కాదు. అయినా పిల్లికూతలు తగ్గలేదు. తగ్గకపోయేసరికి నాలో ఏదో తిరగబడింది. ఈయన చెప్పేది ఒకటి, చేసేది ఒకటేమో. రాత్రిపూట కిటికీ తీసి తాగుతున్నారేమో. ఆయన బజారుకు వెళ్తే గదిలోకి పోయి దిండు వాసన చూసేదాన్ని. కర్టెన్లు ముక్కుకు ఆనించుకునేదాన్ని. ఆయన మెచ్చుకున్న ముక్కుతోనే. పెట్టెను ఫోనులో ఫొటో తీసి పెట్టుకుని, రెండు రోజులకోసారి పోల్చి చూసేదాన్ని. ఒక మంగళవారం ఒకటి తగ్గింది. రాత్రి అన్నం తింటూ ఆయనే అన్నారు, మస్తాన్ గారి పుట్టినరోజని ఒకటి ఇచ్చి వచ్చానని. నేను నమ్మలేదు. చూడండి, ఎదురుగా కూర్చుని చెప్తున్నా నమ్మలేదు. అనుమానం ఒకసారి ఇంట్లో చేరాక నిజం కూడా దానికి కొత్త అబద్ధంలాగే కనిపిస్తుంది.

ఆ వేసవిలో మావయ్యగారు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ పెట్టుకున్నారు. హైదరాబాదులో మా ఆడపడుచు ఇంట్లో ఉండి, ఒక కన్ను, మూడు వారాలకు ఇంకో కన్ను. మొత్తం నలభై రోజులు. వెళ్ళేముందు పుస్తకం నా చేతికి ఇచ్చారు. "నువ్వయితే జాగ్రత్తగా చూస్తావమ్మా. రోజూ ఒక్కసారి రెండంకెలూ రాయి. కరెంటు పోతే ఎంతసేపు పోయిందో అది కూడా రాయి. ఈ పుస్తకం అబద్ధం చెప్పకూడదు" అన్నారు. ఆయన వెళ్ళడానికి నాలుగు రోజుల ముందే మస్తాన్ గారు ఒక కట్ట చుట్టలు తెచ్చి ఇచ్చారు. ఆయన బావగారు సొంతంగా చుట్టినవి, పది. మావయ్యగారు ఫ్రీజర్లో పెట్టబోతే, "మా ఇంట్లో మూడు రోజులు పెట్టే తెచ్చాన్లే అన్నా, నీ దగ్గర నేర్చుకున్నోణ్ణేగా" అన్నారు. మావయ్యగారు తిన్నగా పెట్టెలో పెట్టారు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మొదటి రోజు నేను నిజమే రాశాను. పద్దెనిమిది, అరవై అయిదు.

రెండో రోజు పాపకు ఆయాసం బాగా ఎగదన్నింది. చల్లగాలి పడటం లేదని మా గదిలో ఏసీ ఆపేశాము. బయట ఎండ నలభై నాలుగు. భుజం మీద పిల్ల చెమటతో తడిసిపోయి, ఈల వేస్తూ, ఊపిరికి పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. అలాగే ఎత్తుకుని అంకెలు రాయడానికి ఆయన గదిలోకి వెళ్ళాను. అద్దాల తలుపు లోపల చిన్న పసుపు దీపం. పద్దెనిమిది. చల్లగా, హాయిగా, ఒకదాని పక్కన ఒకటి పడుకుని ఉన్నాయి. నా బిడ్డకు లేని చల్లదనం పొగాకుకు. అంతే అనుకున్నాను. అంతకంటే ఏమీ అనుకోలేదు. వంగి ప్లగ్గు లాగేశాను.

తెలియక చేశానని రాయాలని ఉంది. రాయలేను. ఏమవుతుందో ఆయనే నాకు నేర్పారు. ఆవేశంలో చేశానని రాయవచ్చు, కానీ ఆవేశం ఒక పూట ఉంటుంది. మరుసటి రోజు ప్లగ్గు మళ్ళీ పెట్టవచ్చు కదా? పెట్టలేదు. ఆ మరుసటి రోజూ పెట్టలేదు. పాడైపోతే ఆయన ఈ అలవాటే మానేస్తారు, పాప బాగుపడుతుంది అనుకున్నాను. నిజంగా పాప కోసమేనా? లేక రోజూ అంకెలు చూడమని నాకు పని చెప్పి వెళ్ళినందుకా? నేను దిండ్లు వాసన చూసే స్థితికి దిగజారినందుకు ఎవరో ఒకరికి శిక్ష పడాలనా? ఎన్నిసార్లు అడుక్కున్నా ప్రతిసారీ వేరే జవాబు వస్తుంది.

ఆయన రోజూ సాయంత్రం ఫోను చేసేవారు. ముందు పాప గురించి అడిగేవారు. తర్వాత, "ఎంతుందమ్మా?"

"పద్దెనిమిది, అరవై అయిదు మావయ్యగారూ."

మా ఆయన ఆ గదిలోకి వెళ్ళరు. నాన్న వస్తువులు ముట్టుకోకూడదన్నది ఆయనకు చిన్నప్పటి భయం. ఫ్రిజ్జు తలుపు నేను మళ్ళీ తెరవలేదు. మావయ్యగారు వచ్చే ముందు రోజు సాయంత్రం ప్లగ్గు పెట్టాను. తెల్లారేసరికి చిన్న పసుపు దీపం కింద పద్దెనిమిది వచ్చేసింది. ఏమీ జరగనట్టే.

ఆయన కొత్త కళ్ళతో ఇంటికి వచ్చి పాపను ముద్దు పెట్టుకున్నారు. పాప ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉందని తనకిన్నాళ్ళూ తెలియదని నవ్వారు. ఆ తర్వాత గదిలోకి వెళ్ళారు. నేను వెళ్ళి చూస్తే మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, సిగార్లన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. అన్నిటికీ చిల్లులు. దుప్పటి మీద గోధుమరంగు పొడి, ఆవగింజల్లాంటి పురుగులు. పాత కళ్ళయితే ఆ చిల్లులు ఆయనకు కనపడేవి కాదేమో.

"కరెంటు పోయిందామ్మా?"

"లేదు మావయ్యగారూ. రోజూ చూశాను."

"చల్లదనంలో లేవకూడదే" అన్నారు. పుస్తకం తీసుకుని ఆ నలభై రోజులూ చూశారు. పేజీ తిప్పారు. మళ్ళీ వెనక్కి తిప్పారు. నా వైపు చూడలేదు. పుస్తకం మూసి, మస్తాన్ గారికి ఫోను చేసి రమ్మన్నారు.

ఆ గొడవ జరిగినప్పుడు నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, పాపను ఎత్తుకుని.

"ఫ్రీజర్లో పెట్టానన్నావు" అన్నారు మావయ్యగారు.

"పెట్టానన్నా. మూడు రోజులు."

"పెడితే ఇవెక్కణ్ణుంచి వచ్చినై?"

"నాకేం తెలుసన్నా! నా కట్టలో ఉన్నాయే అనుకో. చల్లగా ఉంటే గుడ్లు లేవవని నువ్వే గదా చెప్పింది? మరి ఎట్టా లేచినై? ఫ్రిజ్జే ఆగిందేమో అడుగు."

అప్పుడు మావయ్యగారు నా వైపు చూశారు. ఒక్క క్షణం. నేను పాప జుట్టు సర్దుతున్నాను.

"కోడలు రోజూ రాసింది. తేడా ఉంటే రాసేది" అన్నారు.

"అంటే నేను అబద్ధం చెప్పానంటావు."

"నేనేం అనట్లా."

"అన్నావు గదన్నా. ఇంకా అనేదేముంది?"

మస్తాన్ గారు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. మూడో రోజు మావయ్యగారు ఖాళీ పెట్టెను పాత తువ్వాలులో చుట్టి, ఆటోలో వన్ టౌన్‌కు పంపించేశారు. అది అన్నిటికంటే పెద్ద మాట. ముప్ఫై ఏళ్ళ స్నేహాన్ని నా చేతిరాత మీద పందెం కాశారు ఆయన. నేను ఒక్క మాట అంటే ఆగిపోయేది. ఆటో స్టార్టయ్యేదాకా నా నోట్లో ఆ మాట ఉంది. తర్వాత కూడా ఉంది. ఇప్పటికీ ఉంది.

మావయ్యగారు మళ్ళీ సిగార్ కొనలేదు. మేడ మీద రెండు కుర్చీలూ వానకు తడిసి తుప్పుపట్టాయి. ఇంట్లో పొగ అన్నది లేదు. అయినా నెల తిరగకుండానే పాపకు మళ్ళీ పిల్లికూతలు వచ్చాయి.

ఈసారి వేరే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ నెమ్మదిగా అడిగారు, ఏ రోజుల్లో ఎక్కువ వస్తోందని. ఆలోచించి చెప్పాను, బుధవారం, శనివారం. ఆ రోజుల్లో ఏం చేస్తారు? తలకు పోస్తానండీ. తలకు పోశాక? సాంబ్రాణి వేస్తాను. మా అమ్మ నేర్పినట్టే, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, తట్ట బోర్లించి, దాని మీద పిల్ల జుట్టు ఆరబెడతాను. జలుబు లాగేస్తుందని. ఈ మధ్య జలుబు ఎక్కువగా ఉందని ఇంకాస్త ఎక్కువే వేస్తున్నాను.

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "మరి ఇంట్లో పొగ లేదన్నారు?"

"అది పొగ కాదు కదండీ" అన్నాను. "సాంబ్రాణి."

నేను డిగ్రీ చదివాను. నిజంగానే ఆ మాట అన్నాను. అన్నాక నా చెవులకే వినిపించింది. మేడ మీద, గాలిలో, వారానికి ఒక్కసారి కాలే ఆ సిగార్ పొగ నాకు కనిపించింది. పిల్ల ముఖం కింద, గది తలుపులు వేసి, నా చేతులతో వేసిన పొగ కనిపించలేదు. సాంబ్రాణి మానేశాక పాపకు రెండు నెలల్లో దాదాపు తగ్గిపోయింది.

అప్పుడైనా చెప్పాల్సింది. మీరు అదే అనుకుంటున్నారు కదా? నేనూ రోజూ అనుకున్నాను. కానీ అప్పుడు చెప్పాలంటే ఒక తప్పు కాదు, రెండు చెప్పాలి. అబద్ధం రాశాను, అది కూడా ఉత్త అనుమానం కోసం రాశాను అని. అంత చిన్నదాన్నయిపోవడం నా వల్ల కాలేదు. సాంబ్రాణి పడలేదట అని మాత్రం ఇంట్లో చెప్పాను. మావయ్యగారు "అట్లాగా" అన్నారు. అంతే. నేను ఆయన మీద మోపిన నింద గురించి ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడం దగ్గరే నాకు కొత్త అనుమానం పుట్టింది. ఈయనకు తెలుసా?

ఏడేళ్ళు ఆ అనుమానంతో కాపురం చేశాను. కాఫీ అందిస్తే ఆయన కప్పు వైపు చూస్తున్నారా, నా వైపు చూస్తున్నారా. కరెంటు పోయినప్పుడు "ఎంతసేపయిందమ్మా పోయి?" అని అడిగితే మామూలుగా అడిగారా. వేసవి వస్తే ఆయన ఎందుకు తక్కువ మాట్లాడతారు.

పోయిన వారం పాప స్కూల్లో బొమ్మల ప్రదర్శన పెట్టారు. కొండపల్లి బొమ్మ కావాలంటే బస్సెక్కి ఇద్దరం వెళ్ళాము. ఒక కొట్టులో పాప బొమ్మలు చూస్తుంటే, వెనక అరుగు మీద ఒక పెద్దాయన చెక్క చిత్రిక పడుతున్నారు. తల ఎత్తారు. మస్తాన్ గారు.

నేను గుర్తుపట్టనట్టు వెనక్కి తిరుగుదామనుకున్నాను. ఆయనే లేచారు.

"కోడలమ్మా! నువ్వేనా! ఇది... అప్పటి చంటిదేనా? పాపకి ఆయాసం తగ్గిందామ్మా?"

ముందుగా అడిగింది అది. తగ్గిందండీ అన్నాను.

"అల్లా దయ. వన్ టౌన్ కొట్టు తీసేశానమ్మా. అన్న స్నేహితులు పెట్టెలు చేయించుకునేవాళ్ళు గదా, ఆ తర్వాత రావడం మానేశారు. మా చిన్నమ్మాయిని ఈ ఊరే ఇచ్చాం. ఇక్కడ బొమ్మల పెట్టెలకి మూతలవీ చేస్తన్నా. అన్న ఎట్టా ఉన్నాడు? ఆదివారం తాగుతున్నాడా?"

"మానేశారండీ."

"మానేశాడా!" ఆయన చేతిలోని చెక్క అరుగు మీద పెట్టేశారు. "మూడు రోజులు పెట్టానమ్మా ఫ్రీజర్లో. మా ఆవిడ చోటు లేదని ఐసు ట్రేలు కూడా తీసి బయట పెట్టింది. నాకు బాగా గుర్తు. కాకపోతే... ఏడేళ్ళయింది గదా. ఒక్కోసారి నాకే అనుమానం వచ్చిద్ది. మధ్యలో కరెంటు పోయిందేమో, నేను చూసుకోలేదేమోనని. అన్న ఊరికే అనడు గదా. నావల్లే పోయినయ్యేమో అంత మంచి సరుకు."

మీరు చదువుతున్నారా? ఈ మాట కోసమే ఇదంతా రాశాను. ఆ మనిషికి తన నిజం మీద తనకే నమ్మకం పోయింది. మావయ్యగారు ఆయన్ని అనుమానించడం కాదు, కొట్టు పోవడం కూడా కాదు. తను చేసిన మంచి పని చేశానో లేదో అని ఏడేళ్ళుగా రాత్రుళ్ళు వెతుక్కుంటున్నారు. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. "మీరు పెట్టారండీ, ఆపింది నేను." ఎనిమిదేళ్ళ కూతురు నా చెయ్యి పట్టుకుని ఉంది. కొట్టతను బొమ్మ కాగితంలో చుడుతున్నాడు. నేను అన్నది ఏమిటో తెలుసా? "బస్సుకు టైమవుతోందండీ."

ఆయన పాపకు ఒక బుల్లి పెట్టె ఇచ్చారు. అరచేతిలో పట్టేంత. పాత సీడర్ ముక్క మిగిలితే చేశానన్నారు. మూత తీసి వాసన చూడమన్నారు. పాప చూసి, "మా తాతయ్య గది వాసన!" అంది. ఆయన నవ్వి, ముఖం తిప్పుకున్నారు.

ఇంటికొచ్చాక పాప దాన్ని భోజనాల బల్ల మీద పెట్టింది. మావయ్యగారు చేతిలోకి తీసుకున్నారు. మేకు లేని అంచుల మీద వేలు పోనిచ్చారు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"కొండపల్లిలో ఒక తాతయ్య ఇచ్చాడు. నీ గురించి అడిగాడు."

ఆయన మూత రెండుసార్లు తెరిచి మూశారు. "కీలు వదులుగా వచ్చింది" అన్నారు మెల్లగా. "చేతులు వణుకుతున్నట్టున్నాయి వాడికి."

బల్ల దగ్గరినుంచి లేచి వెళ్ళిపోయారు.

ఇవాళ ఆయన అలమారాలో ఆ పాత పుస్తకం కోసం వెతికాను. చింపేద్దామనో, చూద్దామనో, నాకే తెలియదు. కింద అరలో దొరికింది. ఆయన రాసిన పేజీలు చూశాను. ఒకరోజు పద్దెనిమిది, ఒకరోజు పంతొమ్మిది, అరవై నాలుగు, అరవై ఏడు, కరెంటు గంటన్నర పోయింది, మీటరు కొంచెం తేడాగా ఉంది. రోజుకో రకం. తర్వాత నా నలభై రోజులు. పద్దెనిమిది, అరవై అయిదు. పద్దెనిమిది, అరవై అయిదు. పైనుంచి కిందిదాకా ఒకే అంకె, బియ్యప్పిండి ముగ్గు గీసినట్టు. ఎండాకాలంలో నలభై రోజులు ఒక్కసారి కూడా కరెంటు పోని బెజవాడ! వేళ్ళతో ఆకు తేమ చెప్పే మనిషికి ఇది కనపడలేదా?

ఆ పేజీల మధ్య ఒక కాగితం ఉంగరం ఉంది. సిగార్ నడుముకు చుట్టి ఉండే ఎర్ర ఉంగరం, బంగారు అంచుతో. గుర్తుగా పెట్టినట్టు, సరిగ్గా అక్కడే. ఎప్పుడు పెట్టారు? ఆ రోజేనా? సాంబ్రాణి సంగతి తెలిసిన రోజా? మొన్న బుల్లి పెట్టె చూశాకా?

తెలిసే ఊరుకున్నారా? మనవరాలి తల్లి కంటే స్నేహితుడు దొంగవ్వడమే ఇంటికి మంచిదనుకున్నారా? అలా అయితే ఈ తప్పులో ఆయనకూ సగం ఉంది. చూశారా, మళ్ళీ మొదలుపెట్టాను. సగం ఆయన మీదకు తోస్తున్నాను. పుస్తకం మధ్యలో ఒక కాగితం ముక్క దొరికితే చాలు, నాకు ఎవరో ఒకరు దొంగ దొరుకుతారు.

అందుకని ఒక పని చేశాను. మీకు ఇది రాయడానికి ముందే చేశాను. నా నలభై రోజుల కింద ఖాళీ ఉంది. అక్కడ రాశాను: ఈ అంకెలు అబద్ధం. రెండో రోజునుంచి ఫ్రిజ్జు ఆపింది నేను. మస్తాన్ గారు చెప్పింది నిజం. దాని కింద కొండపల్లిలో ఆ కొట్టు గుర్తులు రాశాను, బస్సు దిగి ఎటు వెళ్ళాలో.

ఆ చిన్న ఫ్రిజ్జు ఇప్పుడు హాల్లో ఉంది. అందులో పాప చాక్లెట్లు, మావయ్యగారి కంటి చుక్కల మందు ఉంటాయి. రోజూ పొద్దున్నే లేచి ఆయన చేసే మొదటి పని ఆ తలుపు తెరవడం. పుస్తకాన్ని ఎర్ర ఉంగరంతో సహా, ఆ పేజీ దగ్గరే తెరిచి, మందు సీసా కింద పెట్టాను.

రేపు ఏమవుతుందో తెలియదు. ఆయన కొండపల్లి బస్సెక్కుతారో, నా ముఖం చూడటం మానేస్తారో. లేక ఏడేళ్ళ క్రితంలాగే పుస్తకం మూసేసి, చుక్కలు వేయమని నన్నే పిలుస్తారో. అలా మూసేస్తే మస్తాన్ గారి దగ్గరికి నేనే వెళ్ళాలి. వెళ్తానా? ఇప్పుడు మాట ఇవ్వను. నా మాట ఎంతటిదో మీరు చూశారు. క్షమించమని ఆ పుస్తకంలో రాయలేదు, ఇక్కడా రాయడం లేదు.

తలుపు వేసే ముందు అలవాటుగా దీపం కింద అంకె చూశాను. పంతొమ్మిది ఉంది. పుస్తకం మళ్ళీ బయటికి తీసి, చివర్న ఇవాళ్టి తేదీ వేశాను.

పంతొమ్మిది అనే రాశాను.